నాలుగు వందల పన్నెండు ప్రతుల ప్రళయం

లోకం అంతమైపోతోందంటే పూర్వం జనం భయపడేవారు. ఇప్పుడు ఫ్రేము కట్టించుకుంటున్నారు. రాజధానిలో కాస్త పేరున్న ఏ ఇంటికెళ్ళినా సోఫా వెనక గోడమీద ఒక ప్రళయం వేలాడుతూ ఉండాల్సిందే. మునిగిపోయిన నగరం, మాడిపోయిన సూర్యుడు, బస్సు కోసం వరసకట్టిన అస్థిపంజరాలు, ఇలాంటివన్నమాట. అవి కూడా ఎవరికి పడితే వారికి దొరికేవి కావు. చిత్రకారుడు స్క్రీన్ ప్రింటింగులో ఏ యాభయ్యో ప్రతులు తీసి, ఒక్కోదాని కిందా నంబరు వేసి, సంతకం పెట్టి, ఆపైన ఆ స్క్రీనుని చింపి పారేస్తాడు. యాభై ఒకటో ప్రళయం కావాలని కాళ్ళమీద పడ్డా రాదు. "మా ఇంట్లో ఏడో నంబరుందండీ" అని ఒకాయన అంటే, ముప్ఫయ్యో నంబరున్నాయన ముఖం మాడ్చుకుని కాఫీ తాగకుండా వెళ్ళిపోతాడు.

ప్రైవేటు వాళ్ళు ఇన్నిన్ని ప్రళయాలు పోగుచేస్తుంటే ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చుంటే ఏం బాగుంటుంది? కూర్చోలేదు. 'రాష్ట్ర సమకాలీన పరిమిత ముద్రణా ప్రళయ చిత్రసంపద సేకరణ, పరిరక్షణ సంస్థ' అని ఒకటి పెట్టింది. పేరు ఒక బోర్డుమీద పట్టక రెండు బోర్డులు రాయించారు. దానికి డైరెక్టరు ఆకెళ్ళ విశ్వంభర్ గారు. రెండేళ్ళు తిరిగేసరికి ఆయన చేతిమీదుగా నూట ఎనభై ప్రళయాలు పోగయ్యాయి.

పోగయ్యాక వచ్చింది చిక్కు. వీటిని పెట్టడం ఎక్కడ? నిపుణుల కమిటీ కూర్చుని తేల్చింది: కృతులుంచే భవనం పెనుగాలికి కదలరాదు, సముద్రం పొంగినా మునగరాదు, స్తంభాల మీద నిలబడాలి, ఇనుప తలుపులుండాలి. అలాంటిది కట్టాలంటే ఎన్నేళ్ళు పడుతుందో అని అందరూ తలలు పట్టుకుంటే, కమిటీలో ఒకాయనకి మెరుపులా తట్టింది. "అయ్యా, ఇలాంటి భవనాలు సముద్రతీరం పొడుగునా ఉన్నాయి. పైగా ఖాళీగా పడి ఉన్నాయి. తుఫాను వచ్చినప్పుడు తప్ప వాటిని ఒక్కడూ వాడటం లేదు!"

అలా కొత్తమొగ గ్రామం తుఫాను షెల్టరుకి అదృష్టం పట్టింది.

ఆ షెల్టరు తాళంచెవి పెమ్మాడి కాసులమ్మ బొడ్డున వేలాడుతూ ఉంటుంది. షెల్టరు కమిటీకి ఆవిడ అధ్యక్షురాలు. ఎవరు ఎన్నుకున్నారంటే ఎవరూ ఎన్నుకోలేదు, కమిటీ వేసిన రోజున అందరికంటే గట్టిగా అరిచింది ఆవిడే. ఎండుచేపల వ్యాపారం, ఏడో తరగతి చదువు, ఎవరికీ జడవని నోరు. వెనకటి తుఫానులో ఊరికి షెల్టరు లేదు. ఆ రోజు కాసులమ్మ చీరకొంగుతో కొబ్బరిచెట్టుకి తనని తాను కట్టుకుని బతికింది. పక్కచెట్టుకి కట్టుకున్న పెనిమిటి చెట్టుతో సహా పోయాడు. ఆ తరవాత తొమ్మిదేళ్ళపాటు ఆఫీసుల చుట్టూ తిరిగితే ఆ కట్టడం లేచింది. ఊళ్ళో నాలుగొందల పన్నెండు మంది. ఉప్పెనొస్తే నిలబడేది ఆ ఒక్కటే. అది ఆవిడకి తెలిసినంత గట్టిగా ఇంకెవరికీ తెలియదు.

లారీ వచ్చిన రోజున ఊరంతా సహాయం బియ్యమేమో అనుకుని సంచులు పట్టుకుని పరిగెత్తింది. దిగినవి చెక్కపెట్టెలు. వెనక కారులోంచి తెల్లటి లాల్చీ, మెడలో పూసలదండ, ముక్కుకి జేబురుమాలుతో విశ్వంభర్ గారు దిగారు.

"ఇక్కడి భవనాధ్యక్షులెవరు?"

"నేనేనండి," అంది కాసులమ్మ, చేతులకంటుకున్న పొలుసులు కొంగుకి తుడుచుకుంటూ.

ఆయన రెండడుగులు వెనక్కి వేశారు. "అమ్మా, ఈ క్షణం నుంచి ఈ భవనం ప్రళయానికి అంకితం."

"అదేం మాటండీ! శుభమా అని షెల్టరు కట్టుకుంటే?"

ఆయన చిరునవ్వు నవ్వి మొదటి పెట్టె విప్పించారు. చేటంత చిత్రం. మునిగిపోతున్న ఊరు. నీళ్ళపైన చేతులు మాత్రం కనిపిస్తున్నాయి. ఒక చేతికి గాజులు కూడా ఉన్నాయి. కింద మూల 7/50 అని అంకె, గొలుసులాంటి సంతకం. కాసులమ్మ దానికేసి చాలాసేపు చూసింది.

"ఇది మా ఊరే కదండీ," అంది.

"కాదమ్మా, ఇది సార్వజనీనం. ఏ ఊరూ కాదు గనకే అన్ని ఊళ్ళూను. ఈ నిస్సహాయ హస్తాలు చూసినప్పుడల్లా నాకు దుఃఖం ఆగదు." ఆయన నిజంగానే కళ్ళజోడు తీసి కళ్ళు ఒత్తుకున్నారు. మోసం చేసే మనిషి కాదు పాపం, అదే వచ్చిన చిక్కు.

కామాడి ఏసుపాదం జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు. బస్టాండు దగ్గర రేకులషెడ్డులో స్క్రీన్ ప్రింటింగు చేసుకునే మనిషి, పెళ్ళికార్డులూ పార్టీజెండాలూ బట్టలకొట్టు సంచులూ అన్నీ వాడివే. చెక్కఫ్రేముకి సన్నని జాలీగుడ్డ బిగించడం, దాని మీద రంగు పోసి రబ్బరుబద్దతో లాగడం ఇరవై ఏళ్ళుగా వాడి బతుకుతెరువు. బొమ్మకి ముక్కు ఆనించి చూసి, "మూడు రంగులండి. ఎరుపు కాస్త పక్కకి జరిగింది," అన్నాడు.

"ఆ జరగడంలోనే దాని ప్రాణం ఉంది నాయనా."

"నా దగ్గర పెళ్ళికొడుకు పేరు అంతకంటే తక్కువే జరిగిందండి. కార్డులు మొహాన కొట్టి పోయారు."

"యాభై తీశాక స్క్రీనుని ఖండఖండాలుగా చింపేశారు తెలుసా!"

"సింపేశారా? కడుక్కుని మళ్ళీ వాడుకోవచ్చు కదండీ, ఎవరికైనా సెప్పకపోయారా?" ఏసుపాదం నిజంగా నొచ్చుకున్నాడు.

సాయంత్రానికి నూట ఎనభై ప్రళయాలూ మేడమీది గోడలకెక్కాయి. ఒక మూల తేమ కొలిచే పెట్టె బిగించారు. ఇనుప తలుపుకి కాసులమ్మ తాళం పైన ఇంకో నంబరు తాళం పడింది, ఆ నంబరు డైరెక్టరు గారికి తప్ప ఎవరికీ తెలియదు. కాపలా పోస్టు మంజూరు కాలేదు గనక కాసులమ్మకి 'గౌరవ సంరక్షకురాలు' అని బిళ్ళ తగిలించారు. ఆపైన విశ్వంభర్ గారు నియమావళి చదివారు.

"కృతులకు ప్రధాన శత్రువు తేమ. తేమకు ప్రధాన కారణం మనిషి. అతడు ఊపిరి వదులును, చెమట పోయును, కొన్ని సందర్భాలలో ఏడ్చును. కనుక అంకె, సంతకం కలిగిన కృతులకు తప్ప ఇతరులకు ప్రవేశం లేదు. రెండు వందల గజాల లోపున ఎండుచేప ఉండరాదు."

"తుఫానొస్తే మేమెక్కడికెళ్ళాలండి?" అంది కాసులమ్మ.

"మంచి ప్రశ్న. గాలిలో తేమ అత్యధికంగా ఉండేది తుఫానులోనే. కనుక ఆ సమయంలో మానవ ప్రవేశం సంపూర్ణంగా నిషిద్ధం. మామూలు రోజుల్లో ఒక్కొక్కరుగా, ముక్కుకి గుడ్డ కట్టుకుని, పది నిమిషాలు దర్శించుకోవచ్చు."

"మామూలు రోజుల్లో మాకు షెల్టరు దేనికండీ బాబూ!"

"విన్నావా? అవసరం లేదని ఆవిడే అంటున్నారు. రాసుకో," అన్నారాయన పక్కనున్న గుమాస్తాతో.

మర్నాడే కాసులమ్మ మండలాఫీసుకి వెళ్ళి తహసీల్దారు భానోజీ గారి బల్లముందు నిలబడింది. ఆయన అంతా విని బాధగా తలూపారు. "నేనేం చెయ్యనమ్మా? మనుషుల్ని కాపాడటం మా శాఖ. ఆ భవనం ఇప్పుడు కళల శాఖ. అందులో మనుషుల్ని కాపాడాలంటే కళల శాఖ ఒప్పుకోవాలి. వాళ్ళు ఒప్పుకోవాలంటే అందులో మనుషులెవరూ ఉండబోరని మేం రాసివ్వాలి."

"మరి రాసిత్తే మేం ఉండలేం కదండీ?"

"అదేనమ్మా, నేను చెప్పేదీ అదే," అని ఆయన మంచినీళ్ళు తెప్పించి ఇచ్చారు.

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. కాసులమ్మ తిట్టుకుంటూ ఇల్లు చేరేసరికి గడపలో ఇంకో కాగితం. విపత్తు వేళ కృతుల రక్షణకి గ్రామస్థులందరికీ శిక్షణ అట.

శిక్షణ రోజున చిత్రాలన్నీ కింద స్తంభాల మధ్య పేర్చారు. విశ్వంభర్ గారు ఈల ఊదగానే ఊరు ఊరంతా ఒక్కో ప్రళయాన్ని పసిబిడ్డలా ఎత్తుకుని మెట్లెక్కింది. వలలు లాగిన చేతులాయె, ఒక్క గాజుపలక పగల్లేదు. ఆయన గడియారం చూసుకుని గాల్లోకి ఎగిరినంత పనిచేశారు.

"ఏడు నిమిషాలు! ఏడే నిమిషాల్లో నూట ఎనభై కృతులూ సురక్షితం! భేష్! ఇప్పుడు మీరందరూ కిందికి దిగి తలుపు బయటినుంచి వేసెయ్యండి."

దిగారు, వేశారు. ఇసుకలో నిలబడి ఆయనకేసి చూశారు. ఊళ్ళో అందరికంటే పెద్దవాడు ఓలేటి సూరయ్య తాత అడిగాడు, "తరవాతేటి సేయాలి బాబయ్యా?"

"తరవాత ఏముంది? అయిపోయింది."

"తుఫాను అప్పుడేగా మొదలయ్యేది?"

"అది మా సంస్థ పరిధిలోకి రాదు," అన్నారాయన ఎంతో మర్యాదగా, ఒక్కొక్కరికీ 'సంరక్షక మిత్ర' అని యోగ్యతాపత్రం ఇస్తూ.

వెళ్తూ వెళ్తూ ఆయన ఇంకో ఉత్తర్వు తలుపుకి అంటించారు. చుట్టుపక్కల ఎవరి దగ్గరైనా ఇలాంటి చిత్రాలుండి తుఫానుకి పోతే జాతికి ఎంత నష్టమని ఆయన బెంగ. 'తీవ్ర ప్రమాద హెచ్చరిక వెలువడిన పిమ్మట, ప్రళయము ఇతివృత్తముగా, స్క్రీన్ ముద్రణలో, పరిమిత సంఖ్యలో వెలువడి, అంకె, సంతకం కలిగి, స్క్రీను నాశనమైనట్లు సాక్ష్యం గల ఏ కృతి వచ్చినను, యజమాని ఎవరని అడుగక తక్షణం ఆశ్రయం ఇవ్వవలెను. విచారణ తరువాత.' కాసులమ్మ దాన్ని రెండుసార్లు చదివి, మూడోసారి వేలుపెట్టి చదివి ఇంటికి పోయింది.

కార్తీకంలో తుఫాను రానే వచ్చింది. తెల్లారేసరికి రేవులో పదో నంబరు ప్రమాద జెండా ఎగురుతోంది. ఊరికున్న ఒక్క రోడ్డూ నీళ్ళలో ఉంది, జనాన్ని తీసుకుపోవలసిన బస్సులు అవతలే ఆగిపోయాయి. సముద్రం పాలపొంగులా లేస్తోంది. సంసారాలన్నీ మూటలు కట్టుకుని షెల్టరు కిందికి చేరాయి. ఇద్దరు కుర్రాళ్ళు గడ్డపారలతో తలుపుని పొడిచి చూశారు. పెనుగాలికే లొంగకూడదని కట్టిన తలుపు, వీళ్ళకేం లొంగుతుంది?

విశ్వంభర్ గారు ఎక్కడో దూరాన లేరు. తన సంస్థకి ఇదే మొదటి పరీక్ష అని ముందురోజే వచ్చి, ఊరికి కిలోమీటరు దూరంలో లైట్‌హౌసు పక్కనున్న పాత గెస్టుహౌసులో దిగారు. కాసులమ్మ ఫోను చేసింది. ఎవరినీ బతిమాలి ఎరగని మనిషి బతిమాలింది.

"బాబుగారూ, మీకు దణ్ణం పెడతాను. సంటిపిల్లలున్నారు, కదల్లేని ముసలోళ్ళున్నారు. నా మొగుణ్ణి నా కళ్ళముందే నీళ్ళు పట్టుకుపోయాయండి. మళ్ళీ సూళ్ళేను. ఆ నంబరు సెప్పండి."

"అమ్మా, నా గుండె తరుక్కుపోతోంది. కానీ నాలుగు వందల మంది ఊపిరి! ఎర్రదీపం వెలిగిపోతుంది. నేను వ్యక్తిగా కరుగుతున్నాను, డైరెక్టరుగా కరగడానికి నాకు అధికారం లేదు. కృతి ఏదైనా వస్తే చెప్పండి, తక్షణం నంబరిస్తాను."

కాసులమ్మ ఫోను పెట్టేసింది. కళ్ళు తుడుచుకుంది. ముల్లుని ముల్లుతోనే తియ్యాలి మరి.

"ఒరే పాదం! నీ ఫ్రేమూ రంగుడబ్బాలూ తియ్యరా. ఊరందరికీ బొమ్మేసెయ్యాలి."

సంగతి వినగానే ఏసుపాదం ఆకాశంకేసి వేలు చూపించాడు. "స్క్రీను మీదికి బొమ్మ దిగాలంటే ఎండన్నా ఉండాలి, లైటన్నా ఉండాలి కాసులక్కా. సూర్యుడూ లేడు, కరెంటూ లేదు."

"మీ నాన్న ఎలచ్చన్లప్పుడు గుర్తులెలా కొట్టేవోడు? కాయితం కత్తిరించేగా?"

ఏసుపాదం నెత్తిన కొట్టుకున్నాడు. రెండు నిమిషాల్లో కాగితంలో కెరటం కత్తిరించాడు. పడగెత్తిన పెద్ద కెరటం, దానికింద చీమంత మనిషి. కాగితాన్ని జాలీగుడ్డ అడుగున అంటించి, పడవల మీద నంబర్లేసే నల్లరంగు పోశాడు. మొదట తలలు లెక్కపెట్టారు, ఎందుకంటే మొత్తం ఎన్నో తెలియకపోతే కింద అంకె వెయ్యడం కుదరదు. నాలుగొందల పన్నెండు.

కూతవేటు దూరంలో ఉన్న వాడి షెడ్డు ముందు వరస కట్టారు. మగాళ్ళకి చొక్కా వీపున, ఆడాళ్ళకి పైటచెంగున, పసిపిల్లలకి చుట్టిన తువ్వాళ్ళ మీద. రబ్బరుబద్ద ఒక్క లాగుడు, ఒక కెరటం. ఒకటో నంబరు తనకే కావాలని సూరయ్య తాత పట్టుబట్టి వేయించుకున్నాడు. కోడలికి ముప్ఫై, తనకి ముప్ఫై ఒకటి వచ్చిందని ఒకత్తగారు అలిగి వరసలోంచి తప్పుకుంది.

"ఉప్పెనొత్తుంటే నంబరు కోసం అలకేటే తల్లీ? రేపొద్దున బతికుంటే అలుగుదువుగానిలే, రా!" అని కాసులమ్మ రెక్క పట్టుకుని లాక్కొచ్చింది.

కొత్తచీర మీద మరకేమిటని గింజుకున్న పెళ్ళికూతురికి మరక కాదని, సంతకముంటుందని నచ్చజెప్పారు. కాగితం మూడుసార్లు చిరిగింది, మూడుసార్లు కత్తిరించాడు. చివరిసారి కెరటం కాస్త పెద్దదైంది. అప్పటికి బయట కూడా పెద్దదైంది. పెళ్ళికార్డుల అడుగున ఎవరికీ కనపడకుండా పేరేసుకునే ఏసుపాదం, నాలుగొందల పన్నెండుసార్లు చేతినిండా సంతకం చేశాడు. చేస్తున్నంతసేపూ ముఖం వెలిగిపోతూనే ఉంది. చివరి రెండు నంబర్లూ వాడివీ కాసులమ్మవీ.

"ఇప్పుడు స్క్రీను సింపెయ్యాలిరా," అంది కాసులమ్మ.

ముఖం వాడిపోయింది వాడికి. బొంబాయి నుంచి తెప్పించుకున్న గుడ్డ, పిల్లల స్కూలు ఫీజులన్నీ అందులోంచే వచ్చాయి. కత్తి తీసుకుని కళ్ళు మూసుకుని బర్రున కోసేశాడు. ఇద్దరు సాక్షులు సంతకాలు పెట్టారు.

కాసులమ్మ మళ్ళీ ఫోను చేసింది. "బాబుగారూ, కృతులొచ్చాయండి."

"ఆహా! ఎన్ని?"

"నాలుగొందల పన్నెండండి. స్క్రీన్ పింటు. అన్నిటికీ నంబరుంది, సంతకముంది. స్క్రీను సింపేశాం, సాచ్చీకం ఉంది."

"ఇతివృత్తం?"

"కెరటం మింగేత్తా ఉంటాదండి. కిందనో మనిషి."

"చిత్రకారుడు?"

"ఏసుపాదమండి."

"ఏ కళాశాల?"

"బస్టాండు ఎదురుగుండా అండి."

"ముద్రణ దేనిమీద? కాగితమా, కాన్వాసా?"

"గుడ్డమీదండి. గుడ్డ మనుషుల మీద ఉందండి."

అవతల ఊపిరి ఆగిన చప్పుడు. చుట్టూ ఊరంతా కాసులమ్మ నోటికేసే చూస్తోంది.

"సజీవాధారం! ప్రాణమున్న కాన్వాసు!" విశ్వంభర్ గారి గొంతు పరవశంతో బొంగురుపోయింది. "ప్రళయాన్ని ప్రళయ సమయంలో, ప్రళయానికి గురికాబోయే వారిమీదే ముద్రించడం! దేశంలోనే ఇది ప్రథమం. అమ్మా, ఆ ఆధారాల్ని కృతులనుంచి విడదీశారా ఏమిటి కొంపదీసి?"

"లేదండి, తొడుక్కునే ఉన్నారు. కానండి, ఊపిరి తీత్తన్నారు. తేమ వత్తాది మరి."

"బయటినుంచి వచ్చే తేమ నేరం. కృతిలో అంతర్భాగమైన తేమ కృతి లక్షణం, తొలగిస్తే కృతికే హాని. ఒక్క కృతి కూడా ఊపిరి ఆపకుండా చూడవలసిన పూర్తి బాధ్యత మీది! నంబరు రాసుకోండి. నాలుగు, తొమ్మిది, ఒకటి, ఆరు."

ఏడు నిమిషాల శిక్షణ ఊరికే పోలేదు. ఈసారి ప్రళయాల బదులు పిల్లల్నీ ముసలివాళ్ళనీ ఎత్తుకున్నారు, అంతే తేడా. అందరూ లోపలికి చేరి తలుపు బిగించిన పావుగంటకి మొదటి కెరటం స్తంభాల మధ్యనుంచి దూసుకుపోయింది. ఏసుపాదం షెడ్డు రేకులు పేకముక్కల్లా లేచిపోవడం కిటికీలోంచి అందరూ చూశారు. తేమపెట్టె ఎర్రగా వెలిగి, కుయ్యిమని కాసేపు ఏడ్చి, ఊరుకుంది.

మధ్యాహ్నం మూడింటికి తలుపు దబదబా మోగింది.

"ఎవరది?" కాసులమ్మ గాలిలో గొంతు చించుకుంది.

"నేను! విశ్వంభర్ని! గెస్టుహౌసు కప్పు లేచిపోయింది! తలుపు తియ్యండి!"

కాసులమ్మ గడియమీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి వేసినట్టే ఉంచి అడిగింది, "మీ నంబరెంతండీ?"

"నాకు నంబరేమిటి! నేను డైరెక్టర్ని!"

"అంకె, సంతకం లేనోళ్ళకి ప్రవేశం లేదు కదండీ. తేమ."

"అయితే ఒకటి వెయ్యండి!"

"పరిమితం కదండీ బాబూ. నాలుగొందల పన్నెండుతో అయిపోయింది. స్క్రీను కూడా సింపేశాడు మా వోడు. నాలుగొందల పదమూడో ప్రళయం కావాలంటే ఎలాగొత్తాదండి?"

లోపల నవ్వులు పుట్టాయి. అప్పుడే ఇంకో కెరటం మెట్లని కొట్టింది, బయట ఆయన కెవ్వుమన్నారు. నవ్వులు ఆగిపోయాయి. ఆ కేక ఎలాంటిదో ఊళ్ళో పెద్దవాళ్ళందరికీ తెలుసు. కాసులమ్మ చెయ్యి తనంతట తనే గడియ లాగబోయింది. అంతలో బయటినుంచి ఏడుపు గొంతుతో, "ప్రూఫ్! ప్రూఫ్ కాపీలుంటాయి! అవి సంఖ్యలోకి రావు! నియమావళిలో ఉంది!" అని వినిపించింది.

"అవునక్కా, ఉంటాయి," అన్నాడు ఏసుపాదం. "అసలువి కొట్టే ముందు ఒకటి తీత్తాం, తప్పులెక్కడున్నాయో సూసుకోడానికి."

"అయితే ఈయన అదే," అని కాసులమ్మ తలుపు తెరిచింది.

లాల్చీ చిరిగి, పూసలదండ తెగి, చెప్పుల్లేకుండా, తడిసి ముద్దయిన మనిషి లోపలికి పడ్డాడు. ఏసుపాదం వెంట తెచ్చుకున్న డబ్బాలోని నల్లరంగులో అరచెయ్యి ముంచి ఆయన వీపున ఒక్కటి వేశాడు, కాస్త గట్టిగానే. కాసులమ్మ షెల్టరు రిజిస్టరులో 'కృతులు: 412' కింద 'ప్రూఫ్: 1' అని రాసింది. సూరయ్య తాత మూటలోంచి పొడి లుంగీ తీసి ఇచ్చాడు. ఎవరో పిల్లని జరిపి చోటిచ్చారు.

విశ్వంభర్ గారు ఆ పిల్ల పక్కన ముడుచుకు కూర్చున్నారు. పైన గోడమీద మునిగిపోతున్న ఊరూ, చేతులూ వేలాడుతున్నాయి. ఒక బాలింత దానికి వీపు ఆనించి బిడ్డకి పాలిస్తోంది. "తడి..." అని ఆయన అనబోయారు. ఎదుట కిటికీలోంచి సముద్రం కనబడింది, ఊరు ఉండవలసిన చోట. అన్నమాట మింగేసి ఆయన రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు. ఈసారి కళ్ళజోడు తీయలేదు, ఎప్పుడో కొట్టుకుపోయింది. ఒక్క ఇల్లు మిగల్లేదు కొత్తమొగలో. ఒక్క మనిషి పోలేదు.

తెల్లారాక గాలి తగ్గింది. తహసీల్దారు భానోజీ గారు మరపడవలో పులిహోర పొట్లాలేసుకుని వచ్చారు. మెట్లమీద కూర్చుని ఫారం విప్పారు.

"షెల్టరులో ఎంతమంది మనుషులు?"

కాసులమ్మ రిజిస్టరు అందించింది. ఆయన చదివి తలెత్తారు. "మనుషులు లేరని ఉందే. కృతులు నాలుగొందల పన్నెండు, ప్రూఫ్ ఒకటి."

"అవునండి. మనుషులైతే లోపలికి రానివ్వరు కదండీ."

"పొట్లాలు మనుషులకే ఇవ్వాలమ్మా. కృతులకి పులిహోర పెట్టే అధికారం నాకు లేదు. ఇవి మనుషులేనని భవనం తాలూకు అధికారి రాసివ్వాలి."

అందరూ విశ్వంభర్ గారికేసి తిరిగారు. నిన్న పొద్దుటినుంచి ఆయన కూడా ఏమీ తినలేదు. అయినా కలం పట్టుకున్నప్పుడు ఆకలి గురించి ఆలోచిస్తున్నట్టు లేదు. వరసగా ఒక్కొక్క ముఖమూ చూశారు. పక్కనే నిద్రపోయిన ఆ పిల్లకేసి ఇంకాసేపు చూశారు. 'ఈ భవనంలో ఉన్న నాలుగు వందల పన్నెండూ మనుషులేనని, స్వయంగా పరిశీలించి, నా హోదాలో ధ్రువీకరిస్తున్నాను' అని రాసి సంతకం చేశారు.

"ఇన్నాళ్ళకి కాయితం దొరికింది," అన్నాడు సూరయ్య తాత.

పొట్లాలు పంచారు. లుంగీతో, వీపున నల్లటి అరచేతితో, విశ్వంభర్ గారు కూడా వరస చివర చెయ్యి చాపారు. భానోజీ గారు ఇబ్బందిగా ఫారం కేసి చూశారు. "మన్నించాలి. ఈ ప్రూఫ్ మనిషని ఎక్కడా లేదండి."

"నేను డైరెక్టర్నండీ!"

"అయ్యుండొచ్చండి. మనిషని మాత్రం లేదు. ఎవరికి వారు రాసుకుంటే చెల్లదు, గ్రామస్థులెవరైనా చెప్పాలి."

నములుతున్నవాళ్ళు కూడా ఆగి కాసులమ్మకేసి చూశారు. ఆవిడ తొందరపడలేదు. ఫోనులో తాను బతిమాలిన మాటలు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. ఆయన మాత్రం ఆవిడ కళ్ళలోకి చూడలేక తలొంచుకుని నిలబడ్డారు. చాపిన చెయ్యి చాపినట్టే ఉంది.

కాసులమ్మ తన పొట్లం తీసి ఆ చేతిలో పెట్టింది.

"రాసుకోండి తాసిల్దారు గారూ," అంది. "ఈయన కూడా మనిషే."